తలుపు సందులో వేలు

"ఈ ఏడాది మీ ప్రీమియం తగ్గింది సార్. మీ షాపులో ఒక్క ప్రమాదమూ జరగలేదు కదా. జరిగుంటే బాగా పెరిగేది," అన్నాడు కార్మికుల బీమా ఏజెంటు.

"మావాళ్ళు చెక్క కోస్తారు గానీ వేళ్ళు కోసుకోరండీ," అంటూ మీసం దువ్వుకున్నాడు వడ్రంగి షాపు యజమాని.

ఏజెంటు రంపం మిషన్ల వైపు చూశాడు. అక్కడున్న ముగ్గురి చేతులకీ కట్లే.

"ఏమైందయ్యా?"

"ఇంట్లో తలుపు సందులో వేలు పడి నలిగిందండీ," అన్నారు ముగ్గురూ, ఎక్కం అప్పజెప్పినట్టు.

"మా షాపు తలుపులే మరి. అంత గట్టివి," అన్నాడు యజమాని.

అంతలో లోపలి మిషన్ కీచుమని ఆగింది. యజమాని బావమరిది చెయ్యి పట్టుకుని కూలబడ్డాడు. కింద రంపపుపొట్టు ఎర్రబడింది.

యజమాని ముఖం పాలిపోయింది. "మా ఆవిడ నన్ను బతకనివ్వదు. ఏజెంటు గారూ, ఇది బీమాలో రాసుకోండి. వైద్యం మొత్తం రావాలి."

మేస్త్రి అప్పటికే గాయానికి తువ్వాలు చుడుతున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

"ఈయన ఉండేది మీ ఇంట్లోనే కదయ్యా. ఏ తలుపని చెప్పమంటారు, వంటింటిదా, వీధిదా?"