వీరేష్ సార్ మిమిక్రీ

రికార్డింగు పెట్టకముందే వీరేష్ గొంతు సవరించుకున్నాడు. అది చూసి హాల్లో పైలట్లు ముందే నవ్వడం మొదలుపెట్టారు.

కర్నూలు విమానాశ్రయం పక్క హాల్లో ఆ రోజు వాయుసేన హెలికాప్టర్ సిబ్బందికి భద్రతా పాఠం. వీరేష్ ఎలా చెబుతాడో చూసి మార్కులు వేయడానికి పై ఆఫీసు నుంచి వచ్చిన అధికారి ముందు వరుసలో కూర్చున్నాడు. ఈ పరీక్ష గట్టెక్కితే వీరేష్ ప్రధాన శిక్షకుడైపోతాడు.

పాఠం చిన్నదే. గాల్లో ఉన్నప్పుడు పెద్ద అధికారైనా సరే, చిన్న ఉద్యోగి మాట వినాలి.

అందుకు ఉదాహరణ ఏళ్ల కిందట కూలిన ఒక హెలికాప్టర్‌లో దొరికిన మాటల రికార్డింగు. ముందు కరెంటు తీగలున్నాయని కో-పైలట్ మొత్తుకుంటాడు. పైలట్ వినడు. పైగా సొంతూరి యాసలో కసురుకుంటాడు. ఇద్దరూ పోతారు. ఆ పైలట్ పేరు మాత్రం క్లాసులో ఎవరికీ చెప్పరు.

సార్జెంట్ దావీదురాజు వచ్చి వీరేష్ చెవి దగ్గర వంగాడు.

"సార్, వెనక వరుసలో తెల్ల దుపట్టా కప్పుకున్న పెద్దామె..."

"తర్వాత చెప్పప్పా."

"కాదు సార్, రికార్డింగు పెట్టకముందే చెప్పాల..."

"క్లాసు జరుగుతాండాది, కనపడ్లేదా? పొయ్యి కూచో!"

పాపం, దావీదురాజు వెళ్లి కూర్చున్నాడు.

"సార్, ముందర తీగెలు..." అన్న కో-పైలట్ గొంతు వినిపించగానే వీరేష్ రికార్డింగు ఆపేశాడు. ఛాతీ విరుచుకుని మిగతాది పైలట్ గొంతుతో తానే అందుకున్నాడు.

"నోర్ముయ్‌రా! నాకే నేర్పుతాండావా?"

హాలంతా గొల్లుమంది.

వెనక పెద్దామె లేచి నిలబడింది.

"నాయనా, అసలు గొంతు ఒక్కసారి వినిపిస్తావా?"

"ఆ పొగరుబోతు గొంతు మీకెందుకులేమ్మా!"

మళ్లీ నవ్వులు. ఆమె దుపట్టా సర్దుకుని బయటికి నడిచింది.

క్లాసయ్యాక అధికారి వచ్చి, "శభాష్!" అని చేయి కలిపాడు. వీరేష్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు. అప్పుడు గుర్తొచ్చాడు దావీదురాజు.

"ఏందప్పా, ఇందాక ఏమో చెప్పబోతివి?"

"ఆమె షాహీన్ బేగం సార్. ఆత్మకూరు. ఆ పైలట్ సారు భార్య."

వీరేష్ ముఖాన నెత్తురు చుక్క లేదు. చెప్పడానికి వచ్చినవాడి నోరు రెండుసార్లు మూయించింది తనే. అదీ, వినాలని పాఠం చెప్పే నోటితోనే! సిగ్గుతో చితికిపోయాడు. క్షమించమని కాళ్లు పట్టుకుందామని గేటు దాకా పరుగెత్తాడు.

ఆమె ఎక్కిన ఆటో అప్పటికే వెళ్లిపోయింది.

"నీకెట్ల తెలుసు?" అన్నాడు, వెనకే వచ్చిన దావీదురాజుతో, రొప్పుతూ.

"పొద్దున బస్టాండు నుంచి నేనే పిల్చుకొచ్చినా సార్. దావలో చెప్పింది."

"ఏం చెప్పింది?"

దావీదురాజు తల వంచుకున్నాడు.

"మొగుని తప్పు దాచొద్దు, అందరికీ వినిపించండని ఆఫీసుల చుట్టూ తిరిగి ఈ పాఠం పెట్టిచ్చింది ఆమే సార్, ఆ గొంతు తాను వినే ధైర్యం మాత్రం ఇన్నేండ్లకు ఈ పొద్దే వచ్చిందంట."