పిలుపుకి జవాబు

పొద్దునకల్లా ఫైళ్లన్నీ సర్దాలి. తిరుపతిలోని ఆ పరిశోధన గ్రాంట్ల ఆఫీసులో చీకటి పడ్డాక ఇద్దరే మిగిలారు. నవీన బల్ల దగ్గర కూర్చుని, గ్రాంటు తీసుకున్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తుంది. బీరువాల వెనక అటెండరు దొరస్వామి ఆ ఫైలు వెతికి "ఉండాది" అంటాడు. నాడా బిగించి ముడేస్తాడు. పిలుపు, జవాబు, ముడి. బయట వాన. జోలపాట వింటున్నట్టు నవీన కళ్లు మూతలు పడుతున్నాయి.

"సలావుద్దీన్."

"ఉండాది."

నాడా బిగిసిన చప్పుడు.

అప్పుడే వీధి తలుపు తోసుకుని, తడిసిన చొక్కాతో, ఫ్లాస్కుతో దొరస్వామి లోపలికొచ్చాడు.

"నువ్వు కునుకు తీస్తా ఉంటివి, లేపబుద్ధి కాలేదు మ్మా. టీకని పోతే వానకి అంగడికాడే నిలబడిపోయినా. శానాసేపయిందా?"

నవీన బీరువాల వైపు చూసింది. ముడులు పడిన ఫైళ్లు వరసగా, చక్కగా ఉన్నాయి.

దొరస్వామి అటు తిరిగి గ్లాసుల్లో టీ పోస్తున్నాడు.

"దొరస్వామి."

పిలుపు బీరువాల వెనకనుంచి వచ్చింది. గొంతు మాత్రం అచ్చం నవీనదే.

వద్దని ఆమె చెయ్యెత్తేలోపే, వెనక్కి తిరక్కుండానే, రోజంతా పలికిన అలవాటుతో అతను పలికాడు.

"ఉండానమ్మా."

బీరువాల వెనక నాడా బిగిసింది.