మునెమ్మకు వచ్చిన చీటీ

ఆ ఆదివారం పొద్దున జ్వరం వస్తే బాగుండునని ఉపదేశి రాజమాణిక్యం మంచం మీదనే నుదురు తాకి చూసుకున్నాడు. చల్లగా ఉంది. కావాలన్నప్పుడు జ్వరం కూడా రాదు.

1979 డిసెంబరు ఆఖరి ఆదివారం అది. తిరువళ్లూరు తెలుగు చర్చిలో ఆ రోజు సాక్ష్యాలు చెబుతారు. జనవరి ఒకటిన ఇంటికొకరు చొప్పున పళ్లెంలోంచి ఒక వాగ్దాన చీటీ తీసుకుంటారు. ఆ ఏడాదికి దేవుడు ఆ ఇంటికిచ్చిన మాట అది. ఏడాదంతా ఎవరికీ చూపకూడదు. ఆఖరి ఆదివారం అందరి ముందూ చదివి, దేవుడు ఆ మాట ఎట్లా నిలబెట్టుకున్నాడో చెప్పాలి.

మదరాసు నుంచి వచ్చే అచ్చు చీటీలన్నీ అరవంలోనే. అందుకని నలభై ఇళ్లకు తెలుగు చీటీలు రాసే పని పన్నెండేళ్లుగా రాజమాణిక్యానిదే. అట్టముక్కలు కత్తిరించి, నల్ల సిరాతో ఓపిగ్గా రాసేవాడు.

కిందటి క్రిస్మస్ మర్నాడు మునెమ్మ వచ్చి అతని గడపలో కూర్చుంది. ఆమె కొడుకు ఏసు ఆవడిలో ఫ్యాక్టరీ పని చూసుకుని, తల్లితో మాటామాటా పెరిగి వెళ్లిపోయి మూడేళ్లయింది. మళ్లీ రాలేదు.

"మూడేండ్లుగా చీటీ తీస్తా ఉండాను అయ్యా. ఒక తూరి ఓర్చుకో అని వచ్చె. ఇంగొక తూరి స్తుతించు అని వచ్చె. నా కొడుకు తిరిగొస్తాడని ఒక్క చీటీలో లేదు. ఈ తూరీ లేదంటే ఇంక ఈ గుడి మెట్టు ఎక్కను."

"దేవుడు మాట తప్పడు అక్కా."

"తప్పేదానికి ముందర ఇయ్యాల గదా."



ఆమెకు కావలసిన మాట రాజమాణిక్యానికి తెలుసు. పోగొట్టుకున్నదానిని నీకు మరల ఇచ్చెదను. రాయడం ఎంతసేపు? అది ఆమె చేతికి తగలాలి కదా. వేరే చీటీ వస్తే మార్చి చదువుదామంటే, మునెమ్మ మిషన్ బడిలో చదువుకున్న మనిషి. ఏం చేసేది? దేవుడి మీద భారం వేసి ఊరుకోవాలి. ప్రతి ఆదివారం అతను అందరికీ చెప్పేది అదే. ఆ వారం మాత్రం ఊరుకోలేకపోయాడు.

జనవరి ఒకటిన మునెమ్మ కళ్లు మూసుకుని, పళ్లెం మీద కప్పిన గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చింది. చాలాసేపు వెతికి ఒకటి తీసింది. మూలకు పోయి చదువుకుని, అక్కడే మోకాళ్ల మీద కూలబడి ఏడ్చింది. చీటీలో ఏముందో రాజమాణిక్యానికి చూడకుండానే తెలుసు. అది ఆమె చేతికి వచ్చేలా చేసింది అతనే. ఎట్లా చేశాడో అతనికీ దేవుడికీ తప్ప మూడోవాళ్లకు తెలియదు.

"చీటీ ఎవరికీ చూపొద్దండి, పక్కింటోళ్లకు గూడా" అని ఆ రోజు మూడుసార్లు చెప్పి పంపాడు.

మునెమ్మ ఇల్లు అలికి, కొడుక్కని కొత్త చాప కొనిపెట్టింది. ఆ చాప చూసిన రోజు రాజమాణిక్యానికి అన్నం దిగలేదు. అయినా ఆవడికి పోయి ఏసును బతిమాలే ధైర్యం చాలలేదు. ఒక ఉత్తరం ముక్కయినా రాయలేదు.

ఏప్రిల్‌లో, అదే చర్చికి వచ్చే నాగలింగం తిరుత్తణి రైలెక్కుతూ కనిపించాడు. పదకొండేళ్లుగా తమ్ముడి గడప తొక్కని మనిషి.

"తమ్ముని చూసొస్తా అయ్యా. దేవుడే చెప్పినాడు."

రాజమాణిక్యం గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. ముప్పయ్యేళ్లు దాటిన కాంచన ఎప్పుడో వదిలేసిన పదో తరగతి పరీక్షకు మళ్లీ కూర్చుంది. దేవరాజులు సారా మానేసి, పోయిన పనిని తిరిగి సంపాదించుకున్నాడు. అందరూ చీటీ వల్లనే అన్నారు. అన్నవాళ్లందరి ముందూ అతను తలదించుకున్నాడు. వాళ్లు దేవుణ్ణి నమ్మారు. చర్చిలో నమ్మనివాడు ఉపదేశి ఒక్కడే.

అక్టోబరులో ఉండబట్టలేక మునెమ్మ ఇంటికి పోయాడు.

"అక్కా, నీ చీటీ ఉంది చూడు..."

"ఉంది అయ్యా. యాడికి పోతుంది? ఆయన ఇచ్చినాడు, ఆయనే నెరవేరుస్తాడు."

మజ్జిగ తాగి తిరిగొచ్చాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

డిసెంబరులో, ఎవరూ పిలవకుండానే, ఏసు పొద్దుటి బండి దిగి ఇంటికొచ్చాడు. ఊరంతా సంతోషించింది. రాజమాణిక్యం చర్చి తలుపులు వేసుకుని, చేసిన తప్పుకు క్షమించమని దేవుణ్ణి ఏడుస్తూ అడిగాడు. దేవుడు మాట నిలబెట్టుకున్నాడు. ఇక దాన్ని అందరి ముందూ చదివే రోజు ఒకటి మిగిలింది.

ఆ రోజు ఇదిగో వచ్చేసింది.

చర్చి నిండింది. నలభై ఇళ్లవాళ్లూ చీటీలతో వచ్చారు. ఎవరూ నోరు విప్పకముందే తన తప్పు ఒప్పుకోవాలని రాజమాణిక్యం లేచాడు. ఈలోగా మునెమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని నిలబడింది.

"నేను ముందర చెప్పుకుంటాను అయ్యా. చీటీ నా కొడుకు చదువుతాడు."

ఏసుకు అరవం వచ్చినంతగా తెలుగు రాదు. కూడబలుక్కుంటూ, ఒక్కొక్క అక్షరమే, అందరికీ వినబడేలా చదివాడు. రాజమాణిక్యం కళ్లు మూసుకున్నాడు. ఒక్కరూ స్తోత్రం అనలేదు. బల్లలు కిర్రుమన్నాయి.

అతను కళ్లు తెరిచేసరికి, నల్ల సిరాతో అక్షరం పొల్లుపోకుండా అదే మాట రాసి ఉన్న చీటీలు చేతుల్లో పట్టుకుని, మిగతా ముప్పై తొమ్మిది ఇళ్లవాళ్లూ లేచి నిలబడి ఉన్నారు.