తెర మీద నల్ల గడి

సోమవారం తొమ్మిది దాటినా తెర మీద హన్‌బిన్ గడి వెలగలేదు.

వాడు రాడేమోలే, మనం మొదలుపెడదాం అన్నాడు గూ మాన్‌సిక్ మాస్టారు.

బడికి ఉన్న ఒక్కగానొక్క పిల్ల, మూడో తరగతి బోరామ్, పుస్తకం తెరవలేదు.

సోమాదో దీవికి మంచినీళ్ల పడవ వారానికోసారి వస్తే గొప్ప. విద్యాశాఖ మాత్రం బడికి గోడంత తెర పంపించింది. బడి లేని చుట్టుపక్కల దీవుల పిల్లలు ఇంట్లో ట్యాబ్ ముందు కూర్చుని ఆ తెర మీదికి వచ్చేవారు. బడి ఏడాది మొదలైన మార్చిలో ఆరుగురు ఉండేవారు. ఒక్కొక్కరే పెద్ద ఊళ్లకు పడవెక్కేశారు. చివరికి ఉంజిదో దీవి నుంచి హన్‌బిన్ ఒక్కడే మిగిలాడు.

వాడి మొహం ఎవరూ చూడలేదు. మొహం ఉండాల్సిన చోట నల్ల గడి. మాటకు బదులు అక్షరాలు, అవీ కుంటుకుంటూ వచ్చేవి. తొమ్మిదేళ్లొచ్చినా ఓనమాలు రాని మొద్దును తన నెత్తిన పెట్టారని మాస్టారు విసుక్కునేవాడు.

బోరామ్‌కు మాత్రం వాడే లోకం.

స్నేహితులంతా వెళ్లిపోయాక ఆ పిల్ల మాట్లాడటం మానేసింది. మాస్టారు గోడ నిండా పాటలు, బొమ్మలు, తిమింగలాలు ఆడించాడు. ఆ పిల్ల పెదవి కదిపితే ఒట్టు. ఒకరోజు నల్ల గడిలో ఏదో తప్పు పడింది.

"అలా కాదు, మొద్దూ," అంది బోరామ్.

అంతే, గండి పడిన చెరువులా మాటలు వచ్చేశాయి. అట్టముక్కల మీద అక్షరాలు రాసి కెమెరాకు చూపించేది. నేర్చుకోకపోతే చెవి మెలేస్తాననేది. వాడికి ఒక కూడిక వస్తే తాను గంతులేసేది.

మొన్న శుక్రవారం తెర మీద ఆక్టోపస్ వీడియో నడిచింది. రాళ్ల సందులో దూరినదాన్ని బయటికి ఎలా రప్పిస్తారని మాస్టారు అడిగాడు. నల్ల గడిలో ఒక్కో అక్షరమే పడింది.

"బెదిరిస్తే రాదు. ఎర్రగుడ్డ చూపించి ఓపిగ్గా కూర్చోవాలి."

తీసివేతలు రానివాడికి ఇంత సముద్రం ఎలా తెలుసు? పక్కన పెద్దవాళ్లెవరో కూర్చుని అందిస్తున్నారు. మాస్టారికి ఒళ్లు మండింది.

"హన్‌బిన్, సోమవారం నుంచి మొహం చూపిస్తేనే క్లాసు. లేకపోతే రావద్దు."

 నల్ల గడిలో 'సరే' అని పడింది.

సోమవారం వాడు రాలేదు. మంగళవారమూ అంతే. బుధవారం మాస్టారు ఉన్న వీడియోలన్నీ ఆడించాడు. గోడ మీద తిమింగలాలు ఈదాయి, పక్షులు పాడాయి. బోరామ్ తలెత్తలేదు. ఒక్క మాట మాట్లాడమ్మా అని బతిమాలాడు.

"బెదిరిస్తే రాదని వాడు చెప్పాడుగా మాస్టారూ."

మళ్లీ నోరు విప్పలేదు. ఆ ఖాళీ గదిలో తన గొంతు తనకే వినబడుతుంటే మాస్టారికి భయమేసింది. ఎంత కష్టం మీద వచ్చిన మాటలు, తన నోటిదురుసు వల్ల పోయాయి.

గురువారం పొద్దున్నే బోరామ్‌ను వెంటబెట్టుకుని ఉంజిదో పడవెక్కాడు. ఆ పిల్లాడి ముందు తప్పు ఒప్పుకుందామనుకున్నాడు. బోరామ్ సంచి నిండా కొత్త అట్టముక్కలు.

రేవులో గుల్లలు ఒలుస్తున్న ఒక ముసలావిడ వాళ్లను హన్‌బిన్ ఇంటికి తీసుకెళ్లి, తానే తలుపు తీసింది. లోపల చిన్న బల్ల మీద శుభ్రంగా తుడిచిన ట్యాబ్. పక్కన ఒక నోటు పుస్తకం. బోరామ్ తెరిచి చూసింది. తను చూపించిన అక్షరాలన్నీ అందులో ఉన్నాయి, పెద్దపెద్దగా, వంకరటింకరగా.

హన్‌బిన్ ఏడని మాస్టారు అడిగాడు.

"ఆ పిల్లాడు ఫిబ్రవరిలోనే అమ్మానాన్నలతో మోక్‌ఫో పట్నం వెళ్లిపోయాడు కదండీ. ఈ పలక ఇక్కడే వదిలేశారు."

నాలుగు రోజుల్లో రెండోసారి బోరామ్ నోరు విప్పింది.

"మరి నాతో చదువుకుంది ఎవరు అవ్వా?"

ముసలావిడ తడిచేతులు కొంగుకు తుడుచుకుంది.

"వాడి నాయనమ్మ, తల్లీ. అరవై ఏళ్లు సముద్రంలో మునిగి ఆక్టోపస్‌లు, గుల్లలు పట్టిందే గానీ, బడి గడప తొక్కలేదు. తొమ్మిదింటికి ఈ పలక మోగుతుంటే మనవడు పిలుస్తున్నాడనుకుని నొక్కిందట. ఆదివారం నిద్దర్లోనే పోయింది."

ఆవిడ నోటు పుస్తకం మూసి బల్ల మీద సర్దింది.

"శనివారమే పడవెక్కి పోయి, జుట్టు ఉంగరాలు తిప్పించుకొచ్చింది, 'సోమవారం నా స్నేహితురాలు మొదటిసారి నా మొహం చూస్తుంది' అంటూ."