వెనక చక్రాల కొత్త బ్రేకులు

“హ్యాండ్ బ్రేకు వేసి దిగి రా! పడవ తాడు పట్టుకుందువుగాని!” వెనకనుంచి అరిచాడు బ్రోడీ.

టీగన్ హ్యాండ్ బ్రేకు లాగింది. ఏ బిగువూ లేకుండా పైకి వచ్చేసింది. వదలగానే కిందికి పడింది. మళ్లీ లాగింది. మళ్లీ అంతే. ఆమె కుడికాలు బ్రేకు మీద ఇంకా గట్టిగా బిగుసుకుంది.

పడవలు దించే ర్యాంపు ఏటవాలుగా సముద్రంలోకి పోతుంది. పాత పికప్ నీళ్లకు వీపు పెట్టి దాని మీద నిలబడి ఉంది. దాని వెనక ట్రైలరు, ట్రైలరు మీద పడవ. ఆ రెంటి పక్కన బ్రోడీ. ముందు సీట్లో, టీగన్ పక్కన, వాళ్ల పది నెలల పాప మార్లీ నిద్రపోతోంది.

“బ్రోడీ! హ్యాండ్ బ్రేకు పట్టడం లేదు!”

“గట్టిగా లాగు తల్లీ! అదేం బిస్కెట్ ప్యాకెట్టా, మునివేళ్లతో లాగడానికి?”

“లాగాను! నువ్వు ముందు అక్కణ్ణుంచి తప్పుకో!”

అతను నవ్వుతూ కిటికీ దగ్గరికి వచ్చి, చెయ్యి లోపలికి పెట్టి తనే లాగాడు. నవ్వు ఆగిపోయింది.

“తీగ...” అన్నాడు.

“ఏ తీగ?”

“దీని తీగ పాత డ్రమ్ బ్రేకులకు తగిలించి ఉండేది. డ్రమ్ములు పీకేసి డిస్కులు బిగించాను కదా, వాటికి ఈ తీగ తగిలించే చోటు లేదు. తర్వాత చూద్దామని పక్కకి కట్టేశాను.”

“కట్టేసి?”

“మర్చిపోయాను.”

“మూడు శనివారాలు బండి కిందే పడుకున్నావు. వెనకా డిస్కులే, వెనకా డిస్కులే అని డార్విన్ ఊరంతా చాటావు. పిల్ల ఎక్కే బండికి హ్యాండ్ బ్రేకు మర్చిపోయావా?”

“తిడుదువుగాని, తర్వాత. ఇప్పుడు కాలు మాత్రం తియ్యకు.”

ఆమె అద్దంలోకి చూసింది. ఇందాక ట్రైలరు చక్రాలను తాకుతున్న నీళ్లు ఇప్పుడు సగం చక్రం దాకా ఉన్నాయి.

“జారుతున్నాం!”

“నొక్కు!”

“నొక్కే ఉన్నాను! పిల్లని దించు ముందు!”

అతను అటువైపు పరుగెత్తాడు. బెల్టు తొందరగా ఊడలేదు. మార్లీ లేచి కేకపెట్టింది. పైన గేలం వేసుకుని కూర్చున్న ముసలావిడ చేతుల్లో పిల్లని పెట్టి, ఒక పెద్ద రాయి మోసుకొచ్చాడు.

“గేరు వేసి పైకి లాగెయ్యనా?”

“కాలు తీసిన క్షణంలో వెనక్కి పోతావు. చక్రం వెనక రాయి పెట్టనీ.”

నీళ్లు ట్రైలరు చక్రాలను ముంచేశాయి. టీగన్ కాలు తిమ్మిరెక్కింది. పాదం కింద బ్రేకు దిగిపోతున్నట్టే అనిపించింది. పిల్ల ఏడుపు పైనుంచి వినిపిస్తూనే ఉంది.

“పెట్టాను. మెల్లగా కాలెత్తు.”

“రాయి జారితే?”

“దూకు. మొసళ్లుంటాయి, చూసుకుని దూకు.”

“ఇప్పుడా నీ జోకులు!”

కళ్లు మూసుకుని కాలెత్తింది.

బండి వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

బ్రోడీ వంగి చూశాడు. రాయికీ టైరుకీ మధ్య రెండు వేళ్ల సందు అలాగే ఉంది. “టీగన్, బండి రాయిని తాకనే లేదు. మనం అసలు జారలేదు!”

“మరి నీళ్లెలా దగ్గరికొచ్చాయి?”

ఇద్దరూ సముద్రం వైపు చూశారు.

“పోటు వస్తోందయ్యా!” పైనుంచి ముసలావిడ అరిచింది. “ఈ ఊళ్లో ఉంటూ అది కూడా ఒకరు చెప్పాలా? పైకి లాక్కోండి!”

టీగన్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కింది. ఇంజను మొత్తుకుంది. బండి ముక్కు పైకి లేచి, దబ్బున దిగి, ఆగిపోయింది. మళ్లీ తొక్కింది. మళ్లీ అంతే. నీళ్లు పికప్ వెనక టైర్లను తడిపాయి.

బ్రోడీ వెనక చక్రం లోపలికి చెయ్యి పెట్టి, కొత్త డిస్కు చురుక్కున కాలడంతో వెనక్కి లాక్కున్నాడు.

“బ్రేకులు బాగానే పట్టాయి,” అన్నాడు. “కాలు తీసినా వదలడమే లేదు.”