అరగని రూపాయి

“ముప్పై తులాలండీ. మా అమ్మ తూకం వేయించి మరీ ఇచ్చింది,” అంది పద్మజ.

“ఇరవై ఏడే ఉన్నదమ్మ. మీ కండ్ల ముంగటనే గదా జోకిన,” అన్నాడు సిద్దిరాములు.

ఎలక్ట్రానిక్ కాటాలు ఇంకా మేడ్చల్ బజారు దాకా రాని తొంభైల నాటి మాట. సిద్దిరాములు వెండి కొట్లో త్రాసుకు ఒకవైపు పద్మజ పుట్టింటి కంచం ఉంది. రెండోవైపు రాణి బొమ్మ వెండి రూపాయలున్నాయి. రూపాయికి తులం లెక్క. ఆ కొట్లో తాతల నాటి నుంచీ అదే తూకం. కంచం ఎన్ని తులాలుంటే అన్ని తులాల కొత్త వెండి ఇస్తాడు, మజూరి మాత్రం విడిగా తీసుకుంటాడు. కూతురు నవ్యశ్రీకి పట్టీలు, పూజకు చెంబు కావాలని పద్మజ పట్టుబట్టి మొగుణ్ణి పేట్ బషీరాబాద్ నుంచి స్కూటర్ మీద తీసుకొచ్చింది.

“అరుగుతుంది పద్మా. ఇన్నేళ్లు తోమావు. వాడేకొద్దీ వెండి అరుగుతుంది, కావాలంటే నన్నడుగు,” అన్నాడు ఫణిభూషణ్. అతని చూపు కంచం మీద లేదు, రూపాయల మీద ఉంది.

“మిమ్మల్నడిగితే రూపాయల గురించే చెబుతారు.”

అది నిజమే. ఫణిభూషణ్‌కి పాత నాణేల పిచ్చి. అందులోనూ ఒక పట్టింపు ఉంది. చెయ్యి మారినట్టు గీత కనబడినా ఆ నాణెం ముట్టడు. ‘వందేళ్ల నాటిది కావాలి, నిన్న పుట్టినట్టుండాలి. సార్‌కి పెళ్లిచూపులు ఇంకా అవలేదు,’ అని జీడిమెట్ల ఆఫీసులో నవ్వుకుంటారు.

సిద్దిరాములు కంచం లోపల పెట్టి, మొదటి రూపాయలు సొరుగులో వేశాడు. పట్టీలు, చెంబు త్రాసులో పెట్టాడు. రెండో సొరుగు లాగి, వేరే రూపాయలు తీశాడు.

ఫణిభూషణ్ ఒక రూపాయి అందుకున్నాడు. దాని మీద రాణికి ముక్కూ మొహం ఏకమైపోయాయి.

“ఇవి ఇందాకటివి కావే.”

సిద్దిరాములు చెయ్యి ఆగింది. “రూపాయిల మొఖం గూడ జూస్తరా సార్? మస్తు ఓపిక మీకు.” అని లోపలికి కేక వేశాడు. “దుర్గా, అమ్మకు ఇంకో రెండు చెంబులు సూపియ్యి.”

పద్మజ లోపలికి వెళ్లింది. ఫణిభూషణ్ గొంతు తగ్గించాడు.

“కొనేటప్పుడు కొత్తవి, అమ్మేటప్పుడు అరిగినవా? ఒక్కోటి అరగ్రాము తక్కువుంటుంది.”

“మీ అసుంటోడు ఒక్కడు రాలే సార్ ఇన్నొద్దులు. ఎవలైనా రూపాయి రూపాయే అనుకుంటరు.” సిద్దిరాములు పెద్దగా కంగారుపడలేదు. మొదటి సొరుగు తెరిచి అతని ముందుకు జరిపాడు. “లొల్లెందుకు? మీరన్నట్టే గీ కొత్తయితోనే మల్ల జోకుత. అమ్మకు అసలు తూకం అమ్మకొస్తది.”

ఫణిభూషణ్ సొరుగులోంచి ఒకటి తీశాడు, అంచులు మాత్రమే పట్టుకుని. రాణి మెడలో హారం పూసలు లెక్కపెట్టొచ్చు. జుట్టు పాయ పాయకూ విడిగా కనిపిస్తోంది. ఇన్నేళ్లలో ఇలాంటిది కంటితో చూడటమే గాని, చేత్తో పట్టుకోలేదు.

“ఇవి మీకెక్కడివి?”

“మా తాత కుండల బెట్టి పాతిండు. బజారు మొఖం జూడలే.” సిద్దిరాములు అతని కళ్లు చూశాడు, చెయ్యి చూశాడు. “మనసైనట్టుంది. ఒకటి దీస్కోండ్రి. పైసలొద్దు.”

“ఊరికే ఇస్తారా?”

“ఊరికె ఎందుకిస్త సార్? అమ్మ వచ్చేలోపల చెప్పుండ్రి. మల్ల జోకాల్నా, వద్దా?”

ఫణిభూషణ్ లెక్క వేసుకున్నాడు. ఇరవై ఏడు తులాలకు అరగ్రాము చొప్పున పోతే, పోయేది తులం పైచిలుకు. తులం వెండి మళ్లీ కొనొచ్చు. ఈ రూపాయి మళ్లీ దొరకదు.

పద్మజ వచ్చింది. “మొదటి చెంబే బాగుంది. ఏవండీ, తూకం చూశారా?”

“చూశాను.”

“సరిగ్గా ఉందా?”

రూపాయి అప్పటికే జేబురుమాల్లో ఉంది.

“సరిగ్గానే ఉంది,” అన్నాడు ఫణిభూషణ్.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. నవ్యశ్రీ కొత్త పట్టీలు వేసుకుని హాలంతా తిరుగుతోంది. ఫణిభూషణ్ చేతులు కడుక్కుని గదిలోకి వెళ్లి, బల్ల మీద తన చిన్న త్రాసు సర్దాడు. ఆల్బంలోకి ఎక్కించే ముందు ప్రతి నాణేన్నీ తూచడం అతని అలవాటు. టంకశాలలోంచి అప్పుడే వచ్చిన రూపాయి పన్నెండు గ్రాములకు కాస్త తక్కువ తూగుతుంది. వాడితే అందులోంచి తగ్గాలే గాని, పెరిగే దారి లేదు.

“ఏవండీ,” పద్మజ వంటింట్లోంచి అడిగింది, “ఎంత తోమితే మాత్రం మూడు తులాలు అరిగిపోతుందా కంచం?”

అతను రూపాయిని ఒక పళ్లెంలో పెట్టి, రెండో పళ్లెంలో పన్నెండు గ్రాములు వేశాడు. రూపాయి కిందనే ఉంది. ఇంకో అరగ్రాము వేశాడు. కదల్లేదు.

పదమూడు గ్రాములు పడ్డాక గాని, ఆ రూపాయి పైకి లేవలేదు.