డైసీ పిలకలు

"ఆపు, ఆపు! పూసే మొక్కని పెకలించేస్తున్నావేంటే?"

మేడ మెట్లు దిగుతూనే అరిచింది ఓనరు వెంకాయమ్మ. కింది పోర్షన్‌లో కిరాయికుండే ఎలీశమ్మ చెయ్యి ఆపలేదు. గోడ వారన తను పెంచిన తెల్ల డైసీల దుబ్బును, వేళ్ళు తెగకుండా గడ్డపారతో పైకి లేపుతోంది.

"సగమే తీస్తున్నమ్మా. మిగిలింది మళ్ల గుబురైతది."

"పొద్దున్నే దేవుడికి నాలుగు పూలు కోసుకుంటున్నానని కళ్ళు కుట్టాయా?"

"మీ దేవుడితోని నాకేం పంచాయితమ్మా!" ఎలీశమ్మ నవ్వబోయి దగ్గింది. "సమాధుల తోటకు తీస్కపోతున్న."

వెంకాయమ్మ గొంతు తగ్గింది. "మీ ఆయన తీతు కోసమా?"

"ఆయనది సిమెంటుతోని కట్టిచ్చినం గద. దాని పక్క దానికి. ఉత్త మట్టి దిబ్బ. అక్కడ జాగ లేదమ్మా. దిబ్బ మీద పూలు లేకుంటే, అడిగేటోళ్ళు లేరని ఇంకో శవానికి తవ్విస్తరు. ఐతారం కమిటీ వాళ్ళు చూడనీకి ఒస్తుండ్రు."

"దానికింత కష్టమెందుకూ? దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ బంతిపూల దండ కొనెయ్యరాదూ?"

"దండ రేపటికి వాడిపోతది. బంతి మొక్క పెట్టినా ఒక్క కారే. ఇవి పైన ఎండినా లోపట వేరు బతికే ఉంటది. ఎవరు పెట్టకున్నా మళ్ల ఏడు అవే పూస్తయి."

తిట్టినందుకు వెంకాయమ్మ నొచ్చుకుంది. నీళ్ళ క్యాన్ పట్టుకుని తనూ ఆటో ఎక్కింది. బడంగ్‌పేట్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఎలీశమ్మ ఒళ్ళోని గంపను రెండు చేతులతో అదుముకునే కూర్చుంది.

సమాధుల మధ్య కాలు పెట్టేందుకు చోటు లేదు. తీతు పేరున్న రాయి పక్కన సన్నటి మట్టి దిబ్బ. ఎలీశమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, దుబ్బును పిలకలుగా విడదీసి, తల వైపు నుంచి కాళ్ళ వైపుకు వరసగా నాటింది. ఆయాసంతో మధ్య మధ్య ఆగింది. వెంకాయమ్మ వెనకే నీళ్ళు పోసుకుంటూ వచ్చింది. దిబ్బ మీద సిలువ లేదు, పేరు లేదు.

"ఏ తల్లి కన్న బిడ్డో, పాపం!" వెంకాయమ్మ చేతులు జోడించింది. "ఎవరే ఇక్కడ పడుకున్నది?"

ఎలీశమ్మ ఆఖరి పిలక మొదట్లో మట్టి అదిమింది.

"ఇంకా ఎవ్వరు లేరమ్మా. మన్ను నేనే పోసిన. ఎండాకాలం దాంక నేనుండుడు కష్టమన్నడు డాక్టరు."